సంచుల కాపలా

"ఈ ఆదివారం అందరం సరదాగా ఎక్కడికైనా వెళ్దాం" అని మావారు శుక్రవారం రాత్రి ప్రకటిస్తారు. పిల్లలు ఎగిరి గంతేస్తారు. నేను మాత్రం చింతపండు నానబెట్టాలని గుర్తు పెట్టుకుంటాను. సరదా వాళ్లది, పులిహోర నాది!

హైదరాబాదులో కాపురం పెట్టి పద్దెనిమిదేళ్లయింది. ఊళ్లో చూడదగ్గవాటికి కొదవ లేదు. చుట్టాలొచ్చినప్పుడల్లా గోలకొండ ప్రయాణం తప్పదు. కానీ నేను పైదాకా ఎక్కింది ఒక్కసారే, పెళ్లయిన కొత్తలో. ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా "నువ్వు కింద కూర్చో, సంచులు చూస్తూండు" అన్న మాటే. ద్వారం దగ్గర గుమ్మటం కింద చప్పట్లు కొడితే పైన బాలాహిసార్‌లో వినిపిస్తుంది కదా. ఆ కొట్టే ఉద్యోగం కూడా నాదే. వినే భాగ్యం వాళ్లది.

1963లో తెరిచిన నెహ్రూ జంతు ప్రదర్శనశాల 380 ఎకరాలట. అన్ని ఎకరాల్లోనూ నాకు క్షుణ్ణంగా తెలిసినవి రెండే రెండు చోట్లు: మంచినీళ్ల కుళాయి, మరుగుదొడ్డి.

ఇక సాలార్‌జంగ్ మ్యూజియం గడియారం సంగతి. గంటగంటకీ ఒక బుల్లి మనిషి బయటికొచ్చి గంట కొట్టి లోపలికి పోతాడు. మధ్యాహ్నం పన్నెండింటికి పన్నెండు దెబ్బలు కాబట్టి జనమంతా అప్పుడే చేరతారు. సరిగ్గా రెండు నిమిషాలుందనగా మా చిన్నవాడు "అమ్మా, ఒకటికి" అన్నాడు. "తీసుకెళ్లు, నువ్వు మళ్లీ చూద్దువుగానిలే" అన్నారు మావారు, గడియారం మీంచి చూపు తిప్పకుండా. ఆ "మళ్లీ" రావడానికి తొమ్మిదేళ్లు పట్టింది.

మొన్న ఒక బుధవారం ఒక్కదాన్నే వెళ్లాను. డబ్బా లేదు, సంచి లేదు. పక్కనున్న పెద్దావిడ "ఎవరి కోసం చూస్తున్నావమ్మా?" అని అడిగింది. "గడియారం కోసమండీ" అంటే నాకేసి జాలిగా చూసింది. పన్నెండు దెబ్బలూ లెక్కపెట్టుకుని మరీ విన్నాను. తర్వాత ఆ జంట కొయ్యబొమ్మ దగ్గర ఆగాను. ఒకే దుంగలో చెక్కిన ఇద్దరు. ముందువైపు ఠీవిగా మెఫిస్టోఫిలిస్, వెనకవైపు తల వంచుకున్న మార్గరెటా. ఆమె కనబడాలంటే వెనకున్న అద్దంలోకి చూడాలి. ఇన్నేళ్లలో ఆ అద్దంలోకి చూసే తీరికే నాకు దొరకలేదు. నిజం చెప్పొద్దూ, కళ్లు చెమర్చాయి.

"పిల్లల ఆనందం చూస్తే తల్లికి చాలదా?" అంటారు. చాలదండీ! తండ్రి పిల్లల ఆనందమూ చూస్తాడు, పులినీ చూస్తాడు. తల్లికి మాత్రం రెండోది ఎందుకు అక్కర్లేదు?

అయితే తప్పంతా మగవాళ్ల మీదికి నెట్టడానికీ లేదు. "బయటి తిండి పడదు" అని ఆరు డబ్బాలు సర్దేది మనమే. "ఆయనకి పిల్లాణ్ణి పట్టుకోవడం చేతకాదు" అని సర్టిఫికెట్ ఇచ్చేదీ మనమే. పిల్లలు అన్నీ గమనిస్తూనే ఉంటారు. మా అమ్మాయి అయిదో తరగతిలో గోలకొండ ప్రయాణం మీద వ్యాసం రాసింది. "నాన్న, నేను, తమ్ముడు కోట ఎక్కాము. తర్వాత పులిహోర తిన్నాము" అని. వ్యాసంలో పులిహోర ఉంది, నేను లేను. ఆ రోజు నవ్వేశాను గానీ, ఇప్పుడు నవ్వు రావడం లేదు. రేపు అది కూడా ఏ కోట కిందో సంచులు పెట్టుకుని కూర్చుంటే నేర్పింది ఎవరు? నేనే కదూ!

అందుకని ఇంట్లో చెప్పేశాను. ఎవరి నీళ్ల సీసా వాళ్లే మోయాలి. తిండి అక్కడే ఏదో ఒకటి కొనుక్కుందాం, ఒక్కపూటకి ఎవరికీ ఏమీ కాదు. వెళ్లిన చోట ఒక గంట పూర్తిగా నాది, ఆ గంటలో నన్నెవరూ పిలవకూడదు.

వచ్చే ఆదివారం గోలకొండ వెళ్తున్నాం. పైకి నేను ఎక్కుతున్నాను. కింద చప్పట్లు ఎవరు కొడతారో వాళ్లే తేల్చుకోవాలి.