గోడ లేవక ముందే అడుగుదాం

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు, ఏదైనా జరిగాకే మనకి ప్రహరీగోడ గుర్తొస్తుంది. ఆడపిల్లల హాస్టల్లోకి ఎవరో చొరబడ్డారని తెలియగానే 'వాచ్‌మన్ ఏం చేస్తున్నాడు?' అని నిలదీస్తాం. గోడ ఎంత ఎత్తు ఉండాలో, కిటికీకి గ్రిల్ కావాలో అక్కర్లేదో నిర్ణయించింది వాచ్‌మన్ కాదు కదా!

అది తేలేది ఎస్టిమేట్‌లో. ప్రభుత్వ రేట్ల పట్టిక చూసి ఇంజనీరు ఎస్టిమేట్ వేస్తారు. దానిమీద టెండర్ పిలుస్తారు. అర్హత ఉన్నవాళ్ళలో అందరికన్నా తక్కువకి వేసినవారికి పని దక్కుతుంది. కాంట్రాక్టర్లు కూడబలుక్కోవడం, పోటీవాళ్ళని అడ్డుకోవడం తగ్గాలని ఉమ్మడి రాష్ట్రంలో 2003లోనే ఆన్‌లైన్ టెండర్లు మొదలుపెట్టారు. మంచిదే. కానీ కంప్యూటర్ ధర చూస్తుంది గానీ, ఎస్టిమేట్‌లో లేని గొళ్ళేన్ని తెచ్చిపెట్టదు. రాయని పనికి బిల్లు రాదు. బిల్లు రాని పని ఎవరు చేస్తారు?

మన కోనసీమ సంగతే చూడండి. రాజోలు, అంతర్వేది వైపు ఉప్పుగాలికి ఇనుము తొందరగా తుప్పుపడుతుంది. కాలవగట్ల పక్క మెత్తటి నేలలో పునాది సరిగా లేకపోతే గోడ బీటలు వారుతుంది. మెట్ట ఊళ్ళకి వేసిన లెక్కే అమలాపురానికీ, కొత్తపేటకీ వేస్తే చవగ్గా వచ్చిన గేటు నాలుగు వానాకాలాలు నిలవదు. మళ్ళీ ఎస్టిమేట్, మళ్ళీ టెండర్! ఇంక అది చవకెలా అవుతుంది?

చట్టం మన పక్కనే ఉంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం బడికి ప్రహరీ గానీ కంచె గానీ, ఆడపిల్లలకి వేరే మరుగుదొడ్డి ఉండాలి. సర్కారు బడి యాజమాన్య కమిటీలో సగంమంది ఆడవాళ్ళే ఉండాలి. 2019లో మొదలైన 'నాడు-నేడు'లో బడి పనుల్ని టెండర్లు లేకుండా తల్లిదండ్రుల కమిటీలకే అప్పగించారు. టెండరైనా కమిటీ అయినా, కాగితం చదవకుండా సంతకం పెడితే ఫలితం ఒక్కటే.

కమిటీలో లేనివాళ్ళకి 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. ఎస్టిమేట్, కొలతల పుస్తకం నకళ్ళు అడగొచ్చు. పనిని స్వయంగా చూడొచ్చు. వాడిన సరుకు నమూనా కూడా తీసుకోవచ్చు. దరఖాస్తుకి మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసులో రుసుం లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10.

ఏం అడగాలంటారా? గోడ నాలుగువైపులా ఉందా? మరుగుదొడ్డికి లోపలి గొళ్ళెం రాశారా? అక్కడికెళ్ళే దారిలో దీపం ఉందా? పని పాడైతే ఎన్నాళ్ళవరకు కాంట్రాక్టరు బాధ్యత? ఆ గడువు తీరి డిపాజిట్ వెనక్కిచ్చేశాక అడిగితే లాభం లేదు.

మనింటికి తలుపు చేయించేటప్పుడు చెక్క తట్టి చూస్తాం. గొళ్ళెం ఎక్కడ బిగించాలో వడ్రంగికి దగ్గరుండి చెబుతాం. మన పిల్లలు రోజంతా ఉండే బడికీ, హాస్టల్‌కీ ఆపాటి చొరవ చూపలేమా?