పాటకు మార్కులు: సగటు అంకె చెప్పేదెంత, దాచేదెంత?

ఫ్రాన్స్‌కు చెందిన డాఫ్ట్ పంక్ జంట 2001లో 'డిస్కవరీ' అనే ఆల్బమ్ విడుదల చేసింది. సంగీత సమీక్షలకు పేరుపడ్డ అమెరికన్ పత్రిక పిచ్‌ఫోర్క్ అప్పట్లో దానికి 10కి 6.4 మార్కులు వేసింది. ఇరవై ఏళ్ల తర్వాత, 2021 అక్టోబరులో, అదే పత్రిక తన పాత తీర్పులను తిరగదోడి 19 ఆల్బమ్‌లకు కొత్తగా మార్కులు వేసింది. ఈసారి డిస్కవరీకి 10కి 10 వచ్చాయి. ఆల్బమ్‌లో ఒక్క స్వరం కూడా మారలేదు. మారింది విన్నవాళ్లు, విన్న కాలం.

కిరాణా కొట్లో కాటా ఒకే బియ్యం బస్తాకు ఇవాళ ఒక బరువు, రేపు మరో బరువు చూపిస్తే ఎవరూ ఊరుకోరు. ఆల్బమ్‌ల మార్కుల విషయంలో మాత్రం అభిమానులు ఆ అంకెనే పట్టుకుని గంటల తరబడి వాదించుకుంటారు. ఫలానా ఆల్బమ్‌కు 4.2, మా వాళ్లదానికి 4.1 మాత్రమేనా అంటూ మాటామాటా పెరుగుతుంది. ఈ దశాంశ స్థానానికి అంత విలువ ఉందా? ఇది అభిరుచికి సంబంధించిన ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, నిజానికి కొలతల శాస్త్రానికి సంబంధించిన ప్రశ్న.

భౌతికశాస్త్ర ప్రయోగశాలలో విద్యార్థి ఒక కొలత రాస్తే, పక్కనే దాని దోష పరిమితిని కూడా రాయాలి. లేకపోతే ఆ రికార్డును వెనక్కి ఇచ్చేస్తారు. అదే నియమాన్ని పాటల మార్కులకు వర్తింపజేద్దాం. 5 నక్షత్రాల కొలమానం మీద శ్రోతల మార్కులు సగటుకు అటూ ఇటూ సుమారు 1 నక్షత్రం మేర చెదిరి ఉన్నాయనుకుందాం. 25 మంది ఓటేస్తే ఆ సగటులో దోషం 0.2 వరకు ఉంటుంది. 100 మందికి అది 0.1, 400 మందికి 0.05. దోషాన్ని సగం చేయాలంటే ఓటర్ల సంఖ్య నాలుగింతలు కావాలి. అంటే 25 మంది చొప్పున ఓటేసిన రెండు ఆల్బమ్‌ల మధ్య 4.1, 4.2 అనే తేడా, తేడాయే కాదు. దాని మీద జరిగే గొడవంతా కొలత దోషం మీద జరిగే గొడవే.

ఈ లెక్కలో ఒక షరతు దాగి ఉంది. ప్రతి శ్రోతా పక్కవారి అభిప్రాయం తెలియకుండా, సొంతంగా మార్కులు వేస్తేనే దోషం ఇలా తగ్గుతుంది. ముందు ఓటేసినవారి సగటు తెర మీద కనబడుతుంటే ఆ షరతు చెదిరిపోతుంది. అప్పుడు వెయ్యి ఓట్లు పడినా, అవి వెయ్యి వేర్వేరు కొలతలు కావు. ఒకే కొలతకు వెయ్యి ప్రతిధ్వనులు కావచ్చు.

ఇది ఊహ కాదని చూపించిన ప్రయోగం ఒకటుంది. మాథ్యూ సాల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ అనే శాస్త్రవేత్తలు దాని ఫలితాలను 2006లో 'సైన్స్' పత్రికలో ప్రచురించారు. పెద్దగా పేరు తెలియని బృందాలు పాడిన 48 పాటలను వారు 14,341 మంది ముందు ఉంచారు. కొందరికి పాట పేరు, బృందం పేరు మాత్రమే కనిపించాయి. మిగిలినవారిని ఎనిమిది వేర్వేరు 'లోకాలు'గా విడదీశారు. వీరికి తమ లోకంలో ఏ పాటను ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నారో కూడా కనిపించేది. ఎనిమిది లోకాలూ సున్నా నుంచే మొదలయ్యాయి, పాటలూ అవే. అయినా ఒక్కో లోకంలో ఒక్కో జాబితా తయారైంది. '52 మెట్రో' అనే బృందం పాట 'లాక్‌డౌన్' ఒక లోకంలో మొదటి స్థానంలో నిలిచింది, మరో లోకంలో 40వ స్థానానికి పడిపోయింది. ఇతరుల ఎంపిక తెలియని శ్రోతలు దానికిచ్చిన స్థానం 26.

దీన్నిబట్టి మార్కులన్నీ వట్టివేనని కొట్టిపారేయడం కూడా తప్పే. శ్రోతలు సొంతంగా బాగున్నాయన్న పాటలు ఏ లోకంలోనూ అట్టడుగుకు పోవడం అరుదు, బాగాలేవన్నవి పైకి రావడమూ అరుదే. గుంపు ప్రభావం ఎక్కువగా తారుమారు చేసింది ఈ రెంటి నడుమ ఉన్నవాటి తలరాతనే. విడుదలయ్యే పాటల్లో ఎక్కువ భాగం ఆ నడుమ ఉండేవే కదా! మొదటి వారంలో ఎవరు విన్నారు, ఏ మార్కు వేశారు అన్న యాదృచ్ఛిక సంఘటన ఒక కొత్త గాయని తర్వాతి అవకాశాన్ని తేల్చేస్తుంది.

2008లో సాల్గానిక్, వాట్స్ మరో అడుగు ముందుకేశారు. డౌన్‌లోడ్ల జాబితాను తలకిందులు చేసి, వెనుకబడిన పాటలే ముందున్నట్టు కొత్త శ్రోతలకు చూపించారు. కాలక్రమంలో అత్యంత మంచి పాటలు కొంతవరకు కోలుకున్నాయి. కానీ మొత్తం డౌన్‌లోడ్లే తగ్గిపోయాయి. తప్పుడు జాబితా వల్ల నష్టపోయింది కొన్ని పాటలే కాదు, సంగీతం పట్ల శ్రోతల ఆసక్తి కూడా.

ఒక్క ఓటు ప్రభావం ఎంతో చెప్పే ప్రయోగం 2013లో వచ్చింది. లెవ్ ముచ్నిక్, సినాన్ ఆరల్, షాన్ టేలర్ ఒక వార్తల వేదికలో లక్షకు పైగా వ్యాఖ్యలను పరిశీలించారు. యాదృచ్ఛికంగా ఎంచుకున్న కొన్నింటికి మొదట్లోనే ఒక అనుకూల ఓటు వేశారు. ఆ ఒక్క ఓటు వల్ల వాటి తుది మార్కు సగటున 25 శాతం పెరిగింది. వింతేమిటంటే, మొదట్లో వేసిన ప్రతికూల ఓటును జనం తర్వాత సరిదిద్దారు. పొగడ్తను మాత్రం ఎవరూ సరిదిద్దలేదు. అవి వ్యాఖ్యలే గానీ పాటలు కావు, నిజమే. అయినా ముందే కనిపించే మార్కు మనసును ఎటు లాగుతుందో చెప్పడానికి అది చాలు. విడుదల రోజే అభిమాన సంఘాలు 5 నక్షత్రాలు కుమ్మరించడానికి ఎందుకు పోటీ పడతాయో కూడా దీన్నిబట్టి అర్థమవుతుంది. తెలుగు సినిమా పాటలకు 24 గంటల్లో ఎన్ని వ్యూస్ వచ్చాయో పోస్టర్లు వేసి చాటుకోవడం వెనకున్న తర్కమూ ఇదే.

అలాగని మార్కులు వేయడం మానేయాలా? అక్కర్లేదు. లక్షల ఆల్బమ్‌ల మధ్య ఏది వినాలో తెలియని శ్రోతకు అవి దారి చూపుతాయి. కావలసింది కొలతను నిజాయితీగా చూపించడం. అందుకు మార్గాలు ఎప్పటినుంచో ఉన్నాయి.

మొదటిది, శ్రోత తన మార్కు వేసేవరకు సగటును దాచి ఉంచాలి. రెండోది, సగటు పక్కనే ఓట్ల సంఖ్యను, ఏ మార్కుకు ఎన్ని ఓట్లు పడ్డాయో చూపే చిన్న పటాన్ని ఉంచాలి. అందరూ 3 వేసిన ఆల్బమ్‌కు, సగం మంది 5, సగం మంది 1 వేసిన ఆల్బమ్‌కు సగటు 3 అనే వస్తుంది. కానీ రెండోదాన్ని ప్రాణంగా ప్రేమించేవారు ఉన్నారన్న సంగతి సగటు చెప్పదు. మూడోది, తక్కువ ఓట్లున్న ఆల్బమ్ మార్కును మొత్తం సగటు వైపు కొంత జరిపి చూపాలి. ఉదాహరణకు మొత్తం సగటు 3.5 అనుకుని, ప్రతి ఆల్బమ్‌కూ ఆ మార్కుతో 20 ఊహాత్మక ఓట్లు కలపవచ్చు. అప్పుడు 5 ఓట్లతో 5.0 తెచ్చుకున్న ఆల్బమ్ 3.8 దగ్గర నిలుస్తుంది. 400 ఓట్లతో 4.3 ఉన్నది 4.26 దగ్గరే ఉంటుంది. ఐదుగురు మిత్రుల ఉత్సాహం 400 మంది శ్రోతల అభిప్రాయాన్ని దాటిపోదు.

ఇలా చేస్తే కొత్త కళాకారులు వెనకబడిపోతారన్న అభ్యంతరం రావచ్చు. అందులో నిజం ఉంది. అందుకే తక్కువ ఓట్లున్న పాటలకు విడిగా చోటివ్వాలి, కొత్త శ్రోతల ముందు వాటిని యాదృచ్ఛిక క్రమంలో ఉంచాలి. అప్పుడు ఎవరి పాటకైనా వినిపించే అవకాశం మొదటి వారం అదృష్టం మీద మాత్రమే ఆధారపడదు.

ఇవన్నీ వేదికలు నడిపేవారు చేయాల్సినవి. శ్రోతలు చేయగలిగిన పని ఇంకా తేలిక. ఆల్బమ్ పూర్తిగా విని, అంకె చూడకముందే తమ మాట రాసిపెట్టుకోవాలి. ఆరు నెలల తర్వాత మళ్లీ విని, పాత మాటతో పోల్చుకోవాలి. ఒకే చెవి రెండుసార్లు వేసే మార్కుల మధ్య ఎంత తేడా వస్తుందో తెలిసినవారు, 0.1 కోసం ఎదుటివారిని చెవిటివారని నిందించరు.