మన కథకు బొమ్మ గీసేదెవరు?

ఏప్రిల్ 14 దగ్గరపడిందంటే మన వాడల్లో చందాలు మొదలైతయి. టెంటుకింత, మైకుకింత, దండలకింత, ఫ్లెక్సీకింత. ఫ్లెక్సీ షాపుకు పోతే కంప్యూటర్‌లో బాబాసాహెబ్ బొమ్మ తయారుగానే ఉంటది. ఏ ఊరోళ్లు పోయినా అదే నీలం కోటు, అదే చూపుడు వేలు. కింద వరసగా మన ముఖాలు. ఎవరి ముఖం చిన్నగా పడ్డదని కొట్లాటలు కూడా అయితయి, అది వేరే సంగతి. గంటలో చేతికొస్తది, వానలు పడే నాటికి కోళ్లగూడు మీద కప్పు అయితది. ఒకప్పుడు ఈ పని కుంచె పట్టిన మనిషి చేసేవాడు. వాడలోనే తిని, వాడలోనే పండి, పిల్లలు చుట్టూ మూగి చూస్తుంటే గోడ మీద బాబాసాహెబ్‌ను గీసేవాడు. ఆ పెయింటర్ ఇప్పుడు ఆటో నడుపుతున్నడో, అడ్డా మీద కూలికి నిలబడ్డడో మనం అడిగింది లేదు.

ఫ్లెక్సీని తిట్టడానికి ఇది రాయడం లేదు. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ హాస్టల్ నుంచి వెళ్లగొడితే రోహిత్ వేముల, అతని తోటి విద్యార్థులు నలుగురు వేసుకున్న 'వెలివాడ'కు గోడలు మన మహనీయుల ఫ్లెక్సీలే. అక్కరకొచ్చిన వస్తువును కాదనలేం. మా ప్రశ్న వేరు. మన కథను మొదటి నుంచి చివరిదాకా బొమ్మల్లో చెప్పే మనిషి ఎక్కడున్నడు? వాడికి మనం తిండి పెడుతున్నమా?

బొమ్మల కథలు, అంటే కామిక్స్, ఇంగ్లీషు బడి పిల్లల సరుకు అని మనలో చాలామంది అనుకుంటరు. తప్పు. ఈ దేశంలో పుస్తకం మనకు అందకుండా చేసినోళ్లు ఉన్నరు గనకనే తెలంగాణలో మన కథ గుడ్డ మీదకెక్కింది. డక్కలి వాళ్ల పటం చూసిన పెద్దలు ఇంకా కొందరు బతికే ఉన్నరు, అడగండి. గజం వెడల్పు, పదుల అడుగుల పొడుగు. పైనుంచి కిందికి వరసలు వరసలుగా బొమ్మలు, వరసకూ వరసకూ నడుమ పూల అంచు. కట్టెకు చుట్టిన పటాన్ని కొంచెం కొంచెం విప్పుతూ, పుల్లతో బొమ్మను చూపుతూ, పాడుతూ జాంబపురాణం చెప్పేవాళ్లు. సినిమా రీలు పుట్టకముందే అది మన రీలు.

అందులో ఏముంది? పురుషసూక్తం శూద్రులను పాదాలకాడ పుట్టించింది, మనకు ఆ చోటు కూడా ఇయ్యలేదు. జాంబపురాణం ఏమన్నది? భూమి పుట్టకముందే ఆదిజాంబవుడు పుట్టిండన్నది. నీకంటే నేనే పెద్దోణ్ని అని బ్రాహ్మడి మొఖం మీద చెప్పిన మాట అది. చదువు రాని వాడలో, కరెంటు లేని కాలంలో, ఆ మాటను కండ్లకు కట్టించింది పటమే. కామధేనువు కథలో మళ్లీ మన మెడకే శాపం చుట్టుకోవడం మాకు నచ్చదు. పురాణం కూడా పూర్తిగా మన చేతుల్లో లేకపోయిందని దాన్ని బట్టే తెలుస్తది.

పటం గీసేది నకాశీలు. ఒకప్పటి వరంగల్ జిల్లా, ఇప్పటి సిద్దిపేట జిల్లా చేర్యాలలో ఆ కుటుంబాలు ఉన్నయి. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల అంబలి, జిగురు పట్టించి ఆరబెడతరు. దాని మీద ఎర్రటి నేల, ఆ ఎరుపులో మనుషులు. నకాశీలు మన కులం వాళ్లు కాదు. అయితే కథ ఏదో, ఎవరు ఎవరికంటే ముందు పుట్టిండో చెప్పేది పటం చేయించుకునేవాడు. పద్మశాలీలకు కూనపులి వాళ్లు, గౌండ్లకు గౌడజెట్టీలు, ముదిరాజులకు కాకిపడగల వాళ్లు, మాదిగలకు డక్కలి వాళ్లు. కుంచె ఒకరిది, కథ మరొకరిది, చూసే కన్ను వాడది. బహుజన కులాలు తమ డబ్బుతో, తమ గింజలతో బతికించుకున్న బొమ్మల కళ ఇది. ఏ రాజూ పోషించలేదు.

ఇక్కడ మన తప్పు చెప్పకుండా దాటిపోలేం. మన పుట్టుక చెప్పడానికి వచ్చిన డక్కలిని మనం వాడ బయటే నిలబెట్టినం. వాళ్లు ముట్టుకుంటే మైల అన్నం. ఊరోడు మనకు చేసింది మనం వాళ్లకు చేసినం. ఇయ్యాల డక్కలి పిలగాడు పటం విప్పుతలేడు, కథ పోతున్నది అని ఏడిస్తే ఎట్ల?

ఇక అచ్చు వచ్చింది. మొదటి తెలుగు వ్యంగ్యచిత్రకారుడని పేరున్న తలిశెట్టి రామారావు 'భారతి'లో బొమ్మలు వేసిండు. 1947 జులైలో మద్రాసు నుంచి చందమామ మొదలైంది. వడ్డాది పాపయ్య రంగులు, శంకర్ గీసిన విక్రమార్కుడి భుజం మీది శవం, అవి మరిచిపోయే బొమ్మలు కావు. బుజ్జాయి పంచతంత్రాన్ని కామిక్సుగా గీసి ఇంగ్లీషు వారపత్రిక దాకా పోయిండు, 2022లో చనిపోయిండు. బాపు గీత సంగతి చెప్పనే అక్కర్లేదు. మేమూ చందమామ అరువు తెచ్చుకుని చదివినోళ్లమే. వాళ్ల చేతుల్లో పనితనం తక్కువని ఎవడన్నా అంటే ఒప్పుకోం. కానీ ఆ బొమ్మల్లో మన వాడ ఏది? రాజు ఉన్నడు, మంత్రి ఉన్నడు, షావుకారు ఉన్నడు, పేద బ్రాహ్మడు ఉండనే ఉన్నడు. నల్లగా, కోరలతో, బానపొట్టతో ఉన్నవాడు రాక్షసుడు. నల్లగా ఉన్న మన పిల్ల ఆ పేజీలో తనను ఎక్కడ వెతుక్కోవాలె? 1967లో మొదలైన అమర్ చిత్ర కథకు బాబాసాహెబ్ గుర్తుకు రావడానికి 1979 దాకా పట్టింది. 2013 నాటికి చందమామ కూడా ఆగిపోయింది. బాధే, కానీ అది మన ఇంట్లో చావు కాదు.

కార్టూన్ సంగతి ఇంకో తీరు. బొమ్మ నవ్విస్తది కదా అని ఊరుకుంటే ఎవరిని చూసి నవ్విస్తుందో తెల్వదు. 1949లో శంకర్ వేసిన కార్టూన్‌లో (ఈయన చందమామ శంకర్ కాదు, ఢిల్లీ శంకర్) రాజ్యాంగం నత్త మీద బాబాసాహెబ్ కూర్చుంటే వెనుక నెహ్రూ కొరడా ఎత్తి ఉంటడు. అది పదకొండో తరగతి పుస్తకంలో ఉందని 2012లో పార్లమెంటులో గొడవైంది. హాస్యం తెలియనోళ్లని మనకే నీతులు చెప్పిండ్రు. అప్పుడు మన తెలుగోడు ఉన్నమతి శ్యామసుందర్ ఏం చేసిండు? తనూ కార్టూన్లు గీసేవాడే. 1932 నుంచి 1956 దాకా పేపర్లలో బాబాసాహెబ్ మీద వచ్చిన కార్టూన్లు వంద పైన ఏరి, ఒక్కొక్కదానికీ జవాబు రాసి, 2019లో ఇంగ్లీషులో పుస్తకం వేసిండు. 'నో లాఫింగ్ మ్యాటర్' దాని పేరు. నవ్వులాట కాదు అని.

ఇంకొకరిని తలుచుకోవాలె. కార్టూనిస్టు శేఖర్. ఒంట్లో క్యాన్సర్‌తో కొట్లాడుకుంటూనే దేశానికి పట్టిన క్యాన్సర్ కులం అని 'క్యాస్ట్ క్యాన్సర్' పేరుతో కార్టూన్ల పుస్తకం తెచ్చిండు. 2014 మే నెలలో పోయిండు. పెద్ద పత్రికలో ఉద్యోగం చేస్తూ కులం మీద పుస్తకమంత గీసినోళ్లు ఎందరున్నరో మీరే లెక్కపెట్టండి.

మరి ఇయ్యాల? చేర్యాలలో కుంచె ఆగలేదు. జీఐ గుర్తింపు వచ్చింది, అవార్డులు వచ్చినయి. కానీ గీసేది ఎక్కువగా పట్నం హాళ్లలో తగిలించుకునే చిన్న బొమ్మలు, మాస్కులు, కృష్ణలీలలు. వాళ్లను తప్పు పట్టం. కొనేవాడి కథే గీస్తరు. మనం కొనడం మానేసినం గనక మన కథ గీయడం ఆగిపోయింది. మధ్యప్రదేశ్ గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ 2011లో 'భీమాయన' గీసిండ్రు. బాబాసాహెబ్‌ను నీళ్లు తాగనియ్యని కథ. వాళ్లు ఇంగ్లీషు కామిక్సు డబ్బాల్లో కథను ఇరికించలేదు, తమ ఇంటి గోడల మీది గీతలోనే చెప్పిండ్రు. గోండుల చేతనైంది మన పటానికి చేతకాదా? నకాశీ దగ్గరికి పోయి, బాబాసాహెబ్ పటం కావాలె, ఇగో బయానా అని ఎన్ని సంఘాలు అడిగినయి?

మా పత్రికను కూడా ఇందులో కలపండి. అట్టమీద దొరికిన బొమ్మ వేసుకున్నం, గీసినోడి పేరు వేయలేదు, పైసా ఇయ్యలేదు. ఉద్యమం కదా అన్నం. ప్రెస్సోడికి బాకీ పెట్టం, కాగితం షాపుకు బాకీ పెట్టం, బొమ్మ గీసినోడికే ఎందుకు పెట్టినం?

మేం అడిగేది ఇది. వచ్చే జయంతికి ఫ్లెక్సీ చందాలో సగం పక్కన పెట్టండి. నాలుగైదు ఊళ్లు కలిస్తే ఒక పటం అయితది. కారంచేడుతో మొదలుపెడదాం. 1985 జులై 17 హత్యలతో కాదు, ముందురోజు చెరువుకాడ బిందె ఎత్తిన మున్నంగి సువార్తమ్మతో. తర్వాత చుండూరు. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపిండ్రు, 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులని వదిలేసింది. కోర్టు కాగితాల్లో శవాలున్నయి, చంపినోడు లేడు. పటంలో ఏ బొమ్మ ఉండాలో ఆ ఊరి ఆడోళ్లు, పిల్లలు కూర్చుని చెప్పాలె. గీసినోడికి కూలి, పాడిన డక్కలికి కూలి, భోజనం వాడ మధ్యల, మన పక్కన కూర్చోబెట్టి. పటం ఒక ఊళ్లో దాచుకునేది కాదు, మాల వాడ, మాదిగ వాడ అనకుండా తిరగాలె.

ఇంకొక మాట. పటం పాతబడితే ఏట్లో కలిపే ఆనవాయితీ ఉన్నది. పాత పటాలు కొనే బేరగాళ్లూ ఉన్నరు. మీ ఎరుకలో ఏ డక్కలి ఇంట్లోనన్నా పటం ఉంటే ఏట్లో వేయనియ్యకండి, అమ్మనియ్యకండి. పొడుగెంత, బొమ్మల వరసలెన్ని, పాడేవాళ్లు ఎవరన్నా మిగిలిండ్రా, ఇవి రాసి మాకు పంపండి. పటం మాత్రం పంపకండి. అది వాళ్ల ఇంట్లోనే ఉండాలె, మేమే వచ్చి చూస్తం.