‘బర్మావాలే’ అన్న పిలుపు

పాత తరం తెలుగువారికి ‘కాందిశీకుడు’ అనగానే మొదట గుర్తుకు వచ్చేది బర్మా. రంగూన్‌ను మన పెద్దలు ‘రంగం’ అనేవారు. ఆ రేవులో బరువులు మోయడానికి, ధాన్యపు మిల్లుల్లో పనిచేయడానికి గోదావరి, విశాఖ, గంజాం ప్రాంతాల నుంచి వేలాది మంది ఓడలెక్కి వెళ్లారు. కోరంగి రేవు పేరు మీద అక్కడివారు మనవారిని ‘కోరంగీలు’ అని పిలిచారు. ఆ పిలుపులో గౌరవం లేదు. 1930 మే నెలలో రంగూన్ రేవు పనుల విషయమై చెలరేగిన అల్లర్లలో వందమందికి పైగా మరణించగా, వారిలో అధికులు తెలుగు కూలీలే. 1942లో జపాన్ సేనలు బర్మాను ఆక్రమించినప్పుడు లక్షలాది భారతీయులు అడవులు, కొండలు దాటి కాలినడకన స్వదేశానికి వచ్చారు. 1962లో నే విన్ సైనిక ప్రభుత్వం ఏర్పడి దుకాణాలను, వ్యాపారాలను జాతీయం చేసిన తరువాత మరొక విడత వచ్చింది. విశాఖపట్నంలోని బర్మా క్యాంపు అన్న పేరు ఆ చరిత్రకు నేటికీ సాక్ష్యం.

అదే దేశం నుంచి తరిమివేయబడిన మరొక సమూహం నేడు మన నగరపు అంచున జీవిస్తున్నది. మేమున్న చంపాపేట్ నుంచి సంతోష్‌నగర్ దాటి బాలాపూర్ వైపు సాగితే అరగంట ప్రయాణం. వినాయకుని లడ్డూ వేలంతో ఏటా పత్రికలకెక్కే ఆ బాలాపూర్ పరిసరాలలోనే, రాయల్ కాలనీ, షాహీన్‌నగర్ ప్రాంతాలలో, రేకులు, టార్పాలిన్లు కప్పిన గుడిసెల్లో రోహింగ్యా కుటుంబాలు తలదాచుకుంటున్నాయి. 1982 నాటి బర్మా పౌరసత్వ చట్టం వారిని స్వదేశంలోనే పరాయివారిని చేసింది. 2012లో అరకాన్‌లో హింస చెలరేగాక ఎందరో భారతదేశానికి వచ్చారు. 2017 ఆగస్టు 25 తరువాత కొద్ది నెలల్లోనే 7 లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. హైదరాబాద్ చేరినవారి సంఖ్య కొన్ని వేలు మాత్రమే. కోటి మంది మసలే నగరంలో ఈ కొన్ని వేలు ఎంత? అయినా 2020 గ్రేటర్ ఎన్నికలలో ‘రోహింగ్యా’ అన్న మాట వేదికల మీద నినాదమైంది. ఆ తరువాత అది వీధి తిట్టుగా కూడా స్థిరపడింది.

ఈ నెల మేము మాట్లాడదలచినది వారి తిండి గురించి కాదు. రమజాన్‌లో రేషన్ సంచులు మన ముస్లిం ఇళ్ల నుంచి వారికి బాగానే చేరుతున్నాయి, అల్లాహ్ స్వీకరించుగాక. ఆ సంచి అందుకున్న రాత్రి కూడా వారికి నిద్ర ఎందుకు పట్టదన్నదే మా ప్రశ్న.

కళ్లెదుట ఇల్లు తగలబడింది, అయినవారు చనిపోయారు, ఆ గాయం మానలేదు అని మనం అనుకుంటాం. అది నిజమే గానీ సగం నిజం. బంగ్లాదేశ్‌లోని కుటుపలాంగ్, నయాపారా శిబిరాలలో చాలా ఏళ్లుగా ఉంటున్న 148 మంది రోహింగ్యా పెద్దలను పరిశోధకులు పరీక్షించి, 2017లో ఆ అధ్యయనాన్ని ప్రచురించారు. 89 శాతం మందిలో కుంగుబాటు లక్షణాలు, 36 శాతం మందిలో భయానక అనుభవాలు మిగిల్చే మానసిక గాయపు లక్షణాలు కనిపించాయి. గమనించవలసిన విషయమేమంటే, గతంలో చూసిన హింసతో పాటు ప్రస్తుత దైనందిన కష్టాలు, అనగా ఆకలి, స్వేచ్ఛగా తిరగలేకపోవడం, భద్రత లేకపోవడం వంటివి ఆ లక్షణాలతో గట్టిగా ముడిపడి ఉన్నాయి. పాత గాయాన్ని మాననీయకుండా రోజూ గెలికేది ఈనాటి బ్రతుకే.

మరి హైదరాబాద్‌లో వారి ఈనాటి బ్రతుకు ఎలాంటిది? ఐక్యరాజ్య సమితి శరణార్థి సంస్థ ఇచ్చిన కార్డు చేతిలో ఉంటుంది. కానీ 1951 నాటి శరణార్థుల ఒడంబడికపై భారత్ సంతకం చేయలేదు. ఆధార్ లేదు గనుక బ్యాంకు ఖాతా దుర్లభం. వారిని గుర్తించి వెనక్కు పంపాలని 2017 ఆగస్టులో కేంద్రం రాష్ట్రాలకు లేఖ రాసింది. నిర్దేశిత పద్ధతి పాటించకుండా పంపరాదని 2021 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు చెప్పింది. అంటే పద్ధతి పాటించి పంపవచ్చునన్న మాట. ఈ వ్యాజ్యాల మంచిచెడ్డలు న్యాయవాదులు చెప్పాలి. మాకు తోచేది ఒక్కటే: ఏ ఉదయం తలుపు తడతారో తెలియని ఇంట్లో తల్లి తన బిడ్డకు ఏ ధైర్యం చెప్పగలదు?

రోహింగ్యా భాషలో మానసిక వ్యాధులకు సూటి పదాలు తక్కువ. గుండెలో ‘ఒశాంతి’ అంటారు. అది మన అశాంతే. లేదా ఒళ్లు నొప్పులంటారు, తల బరువంటారు. డాక్టరు నొప్పి మాత్ర రాసి పంపుతాడు. ఆ మాత్ర అశాంతిని తాకదు.

ఇక చెప్పక తప్పని మాట. వివక్ష అనగానే మన చూపు అన్యుల మీదకు పోతుంది. నినాదాలు చేసిన నాయకులను, వదంతులను ఫోన్లలో పంపేవారిని నిందిస్తాం. అయితే, దుకాణంలో కుర్రవాణ్ణి ‘అరే బర్మావాలే’ అని కేకవేసేది ఎవరు? ఒకే పనికి ఇతరుల కంటే తక్కువ కూలి ఇచ్చి, ఎవరికి చెప్పుకుంటాడులే అనుకునేది ఎవరు? దానం చేస్తూ ఆ స్త్రీల ముఖాలను ఫోటో తీసి గ్రూపుల్లో పెట్టేది ఎవరు? మదర్సాలో తమ పిల్లల పక్కన వారి పిల్లలు కూర్చుంటే ముఖం చిట్లించేది ఎవరు? ఇవి ముస్లిం వీధులలోనే జరుగుతున్నవి. శత్రువు తిట్టు చర్మానికి తగులుతుంది. సలాము చెప్పే నోటి నుంచి వచ్చిన తిట్టు లోపలికి దిగుతుంది. దివ్య ఖుర్ఆన్ అల్ హుజురాత్ సూరాలో పరిహాసాన్ని, చెడ్డ పేర్లతో పిలవడాన్ని నిషేధించింది. ఆ ఆజ్ఞ విశ్వాసులను ఉద్దేశించినదే.

తెలుగు ముస్లింలకు ఈ బాధ కొత్తది కాదు. నల్లగొండ, దేవరకొండ వైపు నుంచి వచ్చి ఈ చుట్టుపక్కల కాలనీలలో అద్దె ఇల్లు వెతికినవారిలో, పేరు చెప్పగానే ‘ఇప్పుడే ఇచ్చేశాం’ అన్న జవాబు విననివారు అరుదు. అటు పాతబస్తీకి వెళితే మన ఉర్దూను విని నవ్వినవారున్నారు. దూదేకుల సోదరులను సగం ముస్లింలన్నట్లు చూసినవారూ ఉన్నారు. ఒక్కసారి విన్న ఆ మాట మనకు ఎన్ని రోజులు గుర్తుంది? వారు దానిని రోజూ వింటున్నారు.

హిజ్రత్ చేసి మదీనా చేరిన తొలి రోజులలో హజ్రత్ అబూబక్ర్ (రజి), హజ్రత్ బిలాల్ (రజి) జ్వరంతో మంచం పట్టారు. జ్వరం తెరిపి ఇచ్చినప్పుడల్లా బిలాల్ (రజి) గొంతెత్తి మక్కా లోయను, అక్కడి గడ్డిని, నీటి తావులను, కొండలను తలచుకునేవారు. ఏ మక్కాలో ఆయనను మండే ఇసుకపై పడవేసి గుండెపై బండరాయి ఉంచారో ఆ మక్కా కోసమే ఈ బెంగ! హజ్రత్ ఆయిషా (రజి) ఈ సంగతి దైవప్రవక్త (స)కు విన్నవించారు. ఇంకా ఆ ఊరి ధ్యాసేనా అని ఆయన మందలించలేదు. మక్కా వలెనే, అంతకంటే ఎక్కువగా, మదీనాను మాకు ప్రియమైనదిగా చేయమని, దానిని ఆరోగ్యవంతం చేయమని, దాని కొలతలలో బర్కత్ ప్రసాదించమని అల్లాహ్‌ను వేడుకున్నారు. మనసుకు ఊరు, ఒంటికి ఆరోగ్యం, చేతికి జీవనాధారం, ఈ మూడూ ఆ ఒక్క దుఆలో ఉన్నాయి. దిగులుపడే శరణార్థికి ‘నీ ఈమాన్ బలహీనం’ అని ఉపదేశించేవారు ఈ హదీసును మరొకమారు చదవాలి.

ఆ మదీనాలోనే మరొక గొంతు కూడా ఉంది. బనూ ముస్తలిఖ్ దండయాత్ర సందర్భంలో నీళ్ల దగ్గర ఒక ముహాజిర్‌కు, ఒక అన్సారీకి జగడం వచ్చింది. కపట విశ్వాసుల నాయకుడు అబ్దుల్లాహ్ బిన్ ఉబయ్ అదను చూసుకున్నాడు. వలస వచ్చినవారికి ఖర్చుపెట్టడం మానేస్తే వారే చెదిరిపోతారని, మదీనా చేరాక గౌరవనీయులు నీచులను వెళ్లగొడతారని అన్నాడు. అల్ మునాఫిఖూన్ సూరా ఆ మాటలను నమోదు చేసి ఖండించింది. నేటి నినాదాలలో కొత్తదనం ఏమీ లేదు.

హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇవ్వజూపినప్పుడు హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఆశీర్వదించి, బజారు ఎటు అని అడిగారు. సాయం పొందినవాడు తలెత్తుకోవాలంటే ఆ బజారు దారే కావాలి. అందుచేత మా మనవి ముందుగా కూలి ఇచ్చేవారికి: మీ కుమారునికి ఇచ్చినంతే, అదే రోజు ఇవ్వండి. పేరు అడిగి పేరుతో పిలవండి. సంచి ఇచ్చేటప్పుడు ఫోన్ జేబులో ఉంచండి. అఖీఖా విందుకు పిలిచి, వేరు దస్తర్‌ఖాన్ వేయకుండా మీ సరసనే కూర్చోబెట్టండి. పిల్లల చదువుకు ఇప్పుడు కొంత ఊతం ఉంది: రోహింగ్యా పిల్లలు ప్రభుత్వ బడులను ఆశ్రయించవచ్చునని, చేర్చుకోకపోతే హైకోర్టుకు వెళ్లవచ్చునని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తెలిపింది. దరఖాస్తు రాయడం వచ్చిన మన యువకుడు ఒకరు ఆ తండ్రి వెంట బడికి వెళితే చాలు.

నెలల తరబడి నిద్ర లేకపోవడం, బిడ్డ ఏడ్చినా తల్లి కదలకపోవడం, బ్రతుకు వద్దన్న మాట పదేపదే రావడం, ఇవి కనిపిస్తే ఓదార్పుతో సరిపెట్టరాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స పొందే హక్కును ‘ప్రతి వ్యక్తి’కీ ఇచ్చింది, పౌరునికి అని రాయలేదు. 14416 నంబరులో టెలీ మానస్ సేవ ఉచితం, తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. బాలాపూర్ నుంచి అది నగరానికి ఆ కొస. వెళితే ఆ రోజు కూలి పోతుంది, అక్కడ చీటీ రాయించడానికి తెలుగో ఉర్దూనో బాగా వచ్చిన మనిషి కావాలి, స్త్రీ అయితే తోడు మరొక స్త్రీ కావాలి. చంపాపేట్, సంతోష్‌నగర్, సైదాబాద్ వైపు సోదరీమణులలో నెలకు ఒక్క రోజు అలా తోడు వెళ్లగలవారు తమ మొహల్లా మస్జిద్ కమిటీ వద్ద పేరు ఇవ్వవచ్చు. ఆటో ఖర్చును, పోయిన కూలిని సదఖా నుంచి భరించే ఏర్పాటును కమిటీలు చేయగలవు.