దాడికి మూలము రక్షణయే

బాస్కెట్‌బాల్ క్రీడను చిరకాలముగా ప్రీతితో చూచుచున్న పెద్దలు అమెరికా దేశపు ఎన్‌బీఏ పోటీలను గూర్చి ఈనాడు చేయు ఫిర్యాదు ఒక్కటే. దూరమునుండి విసరెడు మూడు పాయింట్ల షాట్లు ఆటనంతటిని మ్రింగివేసినవనియు, బుట్ట క్రింద జరుగు పెనుగులాటలోని రసము నశించినదనియు, ఐదుగురును గీత వెలుపల నిలిచి వంతులవారీగా బంతిని విసరుటయే ఆట యనిపించుకొనుచున్నదనియు వారి యావేదన. ఇది నిరాధారము కాదు. 2014-15లో ఒక్కొక్క జట్టు ఆటకు సగటున 22 పైచిలుకు మూడు పాయింట్ల షాట్లు ప్రయత్నింపగా, 2024-25 నాటికి ఆ సంఖ్య 37ను దాటిపోయెను. ఐతే ఈ మార్పునకు కారకులెవరని యడిగినచో అందరి వ్రేళ్లును కాలిఫోర్నియాకు చెందిన గోల్డెన్ స్టేట్ వారియర్స్ జట్టు వైపే తిరుగును. స్టీఫెన్ కర్రీ విసరుట మొదలిడెను, లోకము అనుకరించెను, ఆట చెడెను. వారు చెప్పు కథ యింతమాత్రమే.

ఈ కథను నేను నమ్మజాలను. స్టీవ్ కెర్ శిక్షకుడై వచ్చిన 2014-15 వత్సరమున ఆ జట్టు పన్నిన వ్యూహమును ఓపికతో పరిశీలించినవారికి, అందలి నూతనత్వము దూరపు షాటులో లేదనియు, దాడిని రక్షణ గర్భమునుండి పుట్టించిన నేర్పులో నున్నదనియు తోచకమానదు. ఆ యేడు అన్నిటికంటె నధికముగా మూడు పాయింట్ల షాట్లు ప్రయత్నించిన జట్టు హ్యూస్టన్ రాకెట్స్. వారు ఆటకు 32కు పైగా విసరగా వారియర్స్ విసరినవి 27. ఆ హ్యూస్టనే పశ్చిమ విభాగపు తుదిపోరున వారియర్స్ చేతిలో 4-1 తేడాతో ఓడిపోయెను. ఇక నూరు అవకాశములలో ప్రత్యర్థికి దక్కనిచ్చిన పాయింట్లెన్ని యని లెక్కించినచో, లీగులోని ముప్పది జట్లలో అందరికంటె తక్కువ ఇచ్చినవారు వారియర్సే. లోకము వారి చేతులలో బంతిని చూచెను గాని వారి కాళ్ల కదలికను చూడలేదు.

కెర్‌కు శూన్యమైన యిల్లు దొరకలేదని మొదటనే చెప్పుట న్యాయము. ఆయనకు పూర్వము శిక్షకుడైన మార్క్ జాక్సన్ 2013-14లో 82 ఆటలకు 51 గెలిపించెను. ఆ జట్టునకు పట్టుదలతో రక్షించు అలవాటును నేర్పినవాడాయనయే. లోపమెల్ల దాడిలో నుండెను. బంతి కర్రీ చేతికో మరియొకని చేతికో వచ్చుట, వాడు ఎదుటివానితో ఒంటరిగా తలపడుట, తక్కిన నలుగురును నిలిచి చూచుట, ఇదియే నిత్యకృత్యము. ఆ యేడు ఆటకు వేసిన పాసుల లెక్కలో వారియర్స్ లీగునందు కట్టకడపటి జట్టు. ఇంత చక్కని గురిగాండ్రున్న జట్టు ఇంత తక్కువగా బంతిని పంచుకొనుట చూచి, కెర్ ఆటకు 300 పాసులు వేయవలెనని లక్ష్యము నిర్దేశించెను.

ఆయన దాడి వ్యూహమున స్వకీయమైనది స్వల్పము. ఏర్చి కూర్చిన తీరు మాత్రమే ఆయనది. ఆటగాడుగా షికాగో బుల్స్‌లో ఫిల్ జాక్సన్ కడ నుండగా, టెక్స్ వింటర్ తీర్చిదిద్దిన త్రికోణ పద్ధతిని ఆయన ఒంటబట్టించుకొనెను. సాన్ ఆంటోనియోలో గ్రెగ్ పోపోవిచ్ కడ బంతిని క్షణమైనను నిలువనీయని సంచారమును నేర్చెను. ఫీనిక్స్‌లో పనిచేసి వచ్చిన ఆల్విన్ జెంట్రీని సహాయకుడుగా తెచ్చుకొని, ప్రత్యర్థి కుదురుకొనక మునుపే దూసుకుపోవు వేగమును జతచేసెను. ఏడడుగుల ఆండ్రూ బోగట్ వంటి సెంటర్ ఆటగాడు బుట్ట క్రింద చేయి చాచి నిలుచుటకు మారుగా ముందుకు వచ్చి బంతినందుకొనుటయు, కర్రీ బంతినిచ్చిన మరుక్షణమే నిలువక స్క్రీన్ల, అనగా సహచరులు నిలిపిన అడ్డుగోడల, చాటున పరుగిడి మరల ఎక్కడనో ప్రత్యక్షమగుటయు ఈ కూర్పు ఫలములే. బంతి లేనప్పుడే కర్రీ ఎక్కువ భయంకరుడని కెర్ గ్రహించెను.

ఇందొక ఘట్టమును దగ్గరగా చూతము. కర్రీ బంతితో గీత వెలుపల నిలిచియుండగా డ్రేమండ్ గ్రీన్ వచ్చి కర్రీని కాపుకాయువానికి స్క్రీన్‌గా నిలుచును. కర్రీ షాటునకు జడిసి ఎదుటివారిద్దరును ఒక్కుమ్మడిగా అతని మీదికి వత్తురు. వారి చేతులు కలియకమునుపే కర్రీ బంతిని గ్రీన్‌కు జారవిడుచును. ఫ్రీ త్రో గీత దరిని బంతినందుకొని గ్రీన్ తిరుగునప్పటికి, అతడును ముగ్గురు సహచరులును కలిసి నలుగురు. వారిని ఆపవలసినవారు ముగ్గురే. బుట్టను కాయువాడు ముందుకు వచ్చెనా, బంతి అతని తలమీదుగా బుట్ట చెంతకు పోవును. రాకుండెనా, గ్రీన్ తానే పోయి వేయును. మూలనున్నవానిని విడిచి ఎవడైన సాయము వచ్చెనా, ఆ మూలకే బంతి చేరును. లెక్కలలో ఇది మూడు పాయింట్ల షాటుగా నమోదు కావచ్చును గాని, దానిని కన్నది గ్రీన్ చేసిన నిర్ణయము.

ఈ గ్రీన్ యెవడు? క్రొత్త ఆటగాండ్రను జట్లు ఎన్నుకొను 2012 డ్రాఫ్టులో 35వ వాడుగా ఎంపికైనవాడు; బుట్ట క్రింద నాడువారి నడుమ పొట్టివాడనిపించుకొనువాడు. 2014-15 ఆరంభమున డేవిడ్ లీ తొడకండరము పట్టుకొని ఆటకు దూరము కాగా అతని స్థానము గ్రీన్‌కు దక్కెను; లీ కోలుకొని వచ్చిన పిమ్మటను అది గ్రీన్ వద్దనే నిలిచెను. కారణమేమనగా, బుట్ట క్రింది భీముని మొదలుకొని గీత వెలుపలి చురుకువాని వరకు ఎవనినైనను అతడు కాయగలడు. క్లే థాంప్సన్, ఆండ్రే ఇగ్వొడాలా, హారిసన్ బార్న్స్, షాన్ లివింగ్‌స్టన్, వీరెల్లరును ఇంచుమించు ఆరున్నర అడుగుల యెత్తును, పొడవైన చేతులును గలవారే. ఇట్టివారు కూడియున్న జట్టుపై ప్రత్యర్థి స్క్రీన్ పెట్టినను ప్రయోజనము లేదు. ఎవడును అడ్డుగోడను చుట్టి పరుగిడనక్కరలేదు, నీవానిని నేను పట్టెదను, నావానిని నీవు పట్టుము అని క్షణములో మారిపోవుదురు. ఆటగాండ్రు స్విచ్ అని పిలుచునది దీనినే. రక్షణ విద్యలో ఆరితేరిన సహాయకుడు రాన్ ఆడమ్స్ పర్యవేక్షణలో వారీ మార్పిడిని ఎదుటివానికి సందు దొరకనంత త్వరితముగా అభ్యసించిరి.

రక్షణయు దాడియు ఒక్కటిగా కలిసిపోయినది ఇక్కడనే. గ్రీన్ రీబౌండు పట్టినచో దానిని చిన్నవాని చేతికిచ్చు ఆలస్యము లేదు. బంతిని తానే నడుపుకొని పరుగిడును. వెనుకకు మరలుచున్న ప్రత్యర్థులు ఎవనిని ఎవడు పట్టవలెనో తేల్చుకొనలేని ఆ మూడు నాలుగు క్షణములలో కర్రీయో థాంప్సనో గీతచెంత ఒంటరిగా చిక్కును. ఆ యేడు లీగునందు అత్యంత వేగముగా నాడిన జట్టు ఇదే. మూడు పాయింట్ల షాట్లను నూటికి 40 వంతున వేసి గురిలో ప్రథమస్థానము నందినదియు ఇదే. ఎదుటివాని షాటు తప్పించిన చేతులే తమ షాటునకు చోటు సంపాదించుటచే ఆ గురికి సగము బలము చేకూరెను.

ఆ యేటి ప్లేఆఫ్‌లో, అనగా విజేతను తేల్చు పోటీలలో, మెంఫిస్ గ్రిజ్లీస్‌తో జరిగిన రెండవ అంచె పోరు దీనికి ఉజ్జ్వలమైన నిదర్శనము. మూడు ఆటలలో రెండు గెలిచి మెంఫిస్ పైచేయిగా నుండెను; వారి టోనీ ఆలెన్ వారియర్స్ గురిగాండ్రను నీడవలె వెంటాడుచుండెను. నాల్గవ ఆటలో కెర్ విచిత్రమైన యెత్తు వేసెను. ఆలెన్‌కు దూరపు షాటు చేతగాదని యెరిగి, అతనిని కాయుటకు బోగట్‌ను నియమించెను. నియమించి, అతని దరికి పోవలదని చెప్పి, బుట్టచెంతనే నిలిపెను. ఆలెన్ ఒంటరిగా నిలిచి విసరెను, తప్పెను. బోగట్ బుట్ట క్రింద అందరికిని అడ్డుపడెను. తుదకు మెంఫిస్ శిక్షకుడు ఆలెన్‌ను బెంచికి పిలువక తప్పలేదు. చూచితిరా? రక్షణకై వేసిన యెత్తు ప్రత్యర్థి యొక్క ఉత్తమ రక్షకుని ఆటనుండి తొలగించి, తమ గురిగాండ్రకు సంకెల విప్పెను. వారియర్స్ ఆ ఆటను 101-84తో గెలిచి, పిదప రెండు ఆటలును గెలిచిరి.

తుది సమరమున క్లీవ్‌లాండ్ కావలియర్స్ సైతము 2-1 ఆధిక్యమున నుండిరి. నాల్గవ ఆటకు కెర్ ఏడడుగుల బోగట్‌ను బెంచిపై కూర్చుండబెట్టి, ఆ యేడంతయు బెంచినుండియే వచ్చిన ఇగ్వొడాలాను మొదటి ఐదుగురిలో దింపెను. ఈ సూచన నిక్ యూరెన్ అను యువ సహాయకునిది. ముందుగా తెలియరాదని పత్రికలవారితో అబద్ధమాడితినని కెర్ తరువాత నవ్వుచు ఒప్పుకొనెను. పొడగరి లేని జట్టుపై క్లీవ్‌లాండ్ పొడగరి మోజ్‌గావ్ 28 పాయింట్లు వేసెను. అది చూచి ఎత్తు పారలేదని తలచినవారును ఉందురు. ఐనను ఆట 103-82గా వారియర్స్ వశమయ్యెను. క్లీవ్‌లాండ్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్‌ను ఇగ్వొడాలా కాయగా అతడు 22 షాట్లలో 7 మాత్రమే వేయగలిగెను; అటుపై అదే ఐదుగురు పరుగిడగా క్లీవ్‌లాండ్ అందుకొనలేకపోయెను. మరుసటి ఆటలో మోజ్‌గావ్‌నే కూర్చుండబెట్టవలసిన గతి ప్రత్యర్థికి పట్టెను. జూన్ 16న ఆరవ ఆట గెలిచి వారియర్స్ 40 ఏండ్ల పిమ్మట విజేతలైరి. ఆ సమరమున ఉత్తమ క్రీడాకారుడను బిరుదు కర్రీకి గాక ఇగ్వొడాలాకు దక్కుట నా వాదమునకు సాక్ష్యము.

ప్రతివాదములు లేకపోలేదు. కర్రీ వంటివాడు లేనిచో ఈ వ్యూహమేమి చేయగలదని యొకరు, క్లీవ్‌లాండ్‌లో కైరీ ఇర్వింగ్, కెవిన్ లవ్ గాయపడి యుండలేదా యని మరియొకరు అడుగవచ్చును. రెండును సత్యములే. ఐతే అదే కర్రీ 2013-14లోను ఉండెను; ఆ యేడు ప్లేఆఫ్ తొలి అంచెలోనే జట్టు వెనుదిరిగెను. ఇక ప్రత్యర్థి గాయములు ఒక సమరమునకు సాకు కావచ్చును గాని, ఆ యేడు 82 ఆటలలో 67 గెలుచుటకు సమాధానము కాజాలవు.

అనుకరించినవారు గ్రహించినది షాటును, విడిచినది దాని మూలమును. బోస్టన్ సెల్టిక్స్ 2024-25లో ఆటకు 48కి పైగా మూడు పాయింట్ల షాట్లు ప్రయత్నించిరి. రక్షణలోను వారు సామాన్యులు కారు. 2024 విజేతలు వారే. ఐనను 2025 ప్లేఆఫ్‌లో న్యూయార్క్ నిక్స్‌తో జరిగిన రెండవ అంచె తొలి ఆటలో 60 విసరి 45 తప్పి, 20 పాయింట్ల ఆధిక్యమును చేజార్చుకొని ఓడిపోయిరి. దూరపు షాటు ఎంతటివానికైనను ఒకనాడు ముఖము చాటువేయును. అట్టి దినమున ఆదుకొనవలసినది, చేతి నిలకడపై ఆధారపడని రెండవ మార్గము.

మన కబడ్డీలో కూతకు పోయినవాని పేరు ఊరంతయు మారుమ్రోగును. వాని పాదమును పట్టినవాని పేరు మాత్రము మైదానము దాటదు. బాస్కెట్‌బాల్ ప్రేక్షకుడును ఇట్టివాడే. ఇచట మన పాఠశాలల సిమెంటు కోర్టులలో బంతి చేత బట్టిన పిల్లవాడును, అమెరికాలో పెరుగుచున్న తెలుగు పిల్లవాడును కర్రీవలె గీతకు రెండడుగుల వెలుపలనుండి విసరగోరుదురే గాని, గ్రీన్ వలె మోకాళ్లు వంచి, చేతులు చాచి, ఎదుటివాని నడుమును గమనించుచు ప్రక్కకు జరుగుటను అభ్యసింపగోరరు. తప్పు వారిది కాదు. పాయింట్ల పట్టికను మాత్రమే అచ్చువేయు పత్రికలదియు, ఆ పట్టికనే చూచి జట్టును ఎన్నుకొను శిక్షకులదియు.

మూడు పాయింట్ల గీతను ఇంకను వెనుకకు జరుపవలెననియు, మూలలనుండి వేయు షాటునకు మూడు పాయింట్లు ఈయరాదనియు కొందరు సూచించుచున్నారు. గీతను జరిపినచో షాటు కష్టమగును గాని ఆలోచన మారదు. మరికొంత దూరమునుండి గురిపెట్టువానిని వెదకి తెచ్చుకొందురు. ఆట ఏకరూపమైనదని వగచువారు నిజముగా కోరదగినది, ఐదుగురును ఐదుగురిని కాయగల జట్లు పెరుగుట. అట్టి రక్షణ ఎదురైననాడు దూరపు షాటు సులభము గాక, పాసును, పరుగును, బుట్ట క్రింది నేర్పును ప్రత్యర్థి మరల వెదకుకొనవలసివచ్చును. కావున శిక్షకులు జట్టును కూర్చునపుడు ఎవడెన్ని వేయును అను ప్రశ్నకు ముందు ఎవడెవ్వరిని ఆపగలడు అని ప్రశ్నించుట మేలు.