పలాస ప్యాసింజరూ, క్రికెట్ నెపమూ

2023 వరల్డ్ కప్ మాటెత్తితే మనవాళ్ళంతా నవంబరు 19 దగ్గరే ఆగిపోతారు. అహ్మదాబాద్ పిచ్, హెడ్ సెంచరీ... ఇప్పటికీ ఆఫీసు క్యాంటీన్లో అదే గోల. నాకు మాత్రం అక్టోబరు 29 గుర్తొస్తుంది.

ఆ ఆదివారం లక్నోలో ఇంగ్లండ్‌తో మ్యాచ్. మనవాళ్ళు 229 కొట్టి, వాళ్ళని 129కే చుట్టేశారు. అదే సాయంత్రం ఏడు గంటల ప్రాంతంలో కంటకాపల్లి దగ్గర విశాఖ–పలాస ప్యాసింజర్‌ని వెనకనుంచి వచ్చి రాయగడ ప్యాసింజర్ గుద్దేసింది. కనీసం 14 మంది పోయారు. రాయగడ బండి లోకో పైలట్, అసిస్టెంట్ కూడా.

పలాస బండి ఎవరు ఎక్కుతారో తెలుసా? నౌపడలో దిగి టెక్కలి పోయేవాళ్ళు, పలాసలో దిగి ఆటోల్లో ఉద్దానం ఊళ్ళకి చేరేవాళ్ళు. వైజాగ్‌లో కూలి పనులకెళ్ళేవాళ్ళు, కేజీహెచ్ చుట్టూ తిరిగిన కిడ్నీ రోగులు.

2024 మార్చి 2న రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ గారు సెలవిచ్చారు: లోకో పైలట్లిద్దరూ క్రికెట్ మ్యాచ్ ధ్యాసలో పడటం వల్లే ఆ ప్రమాదం జరిగిందట. దేశమంతా ఇట్టే నమ్మేసింది. ఎందుకు నమ్మదు? ఆ రోజు మనమంతా చేసిన పని అదే కదా (హాట్‌స్టార్ మొబైల్‌లో ఫ్రీ!). పోయినవాళ్ళు లేచొచ్చి జవాబు చెప్పలేరు కూడా.

తీరా రైల్వే సేఫ్టీ కమిషనర్ దర్యాప్తులో ఏం తేలింది? వాళ్ళు మ్యాచ్ చూడటం లేదని! అన్నట్టు ఈ సేఫ్టీ కమిషన్ రైల్వే కింద ఉండదు, పౌర విమానయాన శాఖ కింద ఉంటుంది. 2024 జూన్‌లో ఆ శాఖ మన శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు గారికే వచ్చింది. మరి ఆ దర్యాప్తు సంగతి మన జిల్లాలో ఎంతమందికి తెలుసు?

లోకో పైలట్ల తప్పే లేదని నేననను. ఆటో సిగ్నల్స్ రెండు పాడయ్యాయి. అలాంటప్పుడు రెండు నిమిషాలు ఆగి, ఆపైన గంటకి 10 కిలోమీటర్ల వేగంతోనే పోవాలని రూలు. అది పాటించలేదు. సరే, సిగ్నల్స్ ఎందుకు పాడయ్యాయి? మనిషి పొరబడితే బండిని ఆపే కవచ్ ఆ లైన్లో ఎందుకు లేదు? మన దగ్గర ఎవడో ఒక తప్పుడు కమాండ్ కొడితే ప్రొడక్షన్ డేటాబేస్ మొత్తం ఎగిరిపోయిందనుకోండి, "వాడు మ్యాచ్ చూస్తున్నాడు" అని రూట్ కాజ్ రాసి టికెట్ క్లోజ్ చేస్తే క్లయింట్ ఊరుకుంటాడా? బ్యాకప్ ఏదీ, యాక్సెస్ ఎవరిచ్చారు అని చొక్కా పట్టుకుంటాడు. పలాస బండి వాళ్ళకి అలా అడిగే క్లయింట్ హోదా లేదు, అంతే తేడా.

చేతకాని దేశమా అంటే అదీ కాదు. ఫైనల్‌ని 5.9 కోట్ల మంది ఒకేసారి చూసినా హాట్‌స్టార్ పడిపోలేదని మనమే కాలర్ ఎగరేశాం. ఆ ఫైనల్ కోసం ముంబై నుంచి అహ్మదాబాద్‌కి ప్రత్యేక రైళ్ళు వేసింది ఈ రైల్వేనే. పండగ అడ్డొచ్చిందని పాకిస్తాన్ మ్యాచ్‌ని ఒకరోజు ముందుకి జరిపారు కూడా. అవసరమనుకుంటే అన్నీ జరుగుతాయి! పది వేదికల్లో వైజాగ్ లేదు, ఆంధ్రాకి ఒక్క మ్యాచ్ రాలేదు. ఆ వరల్డ్ కప్‌లో మా వాటాకి వచ్చింది ఈ నిందొక్కటే.

"ఫోన్లో మ్యాచ్ చూస్తూ రైలు నడిపారు" అని పాత వార్త వాట్సాప్‌లో పంపే మిత్రులకి ఒక్క మాట. ఇకమీద నాకు పంపితే, మీ గ్రూపులోనే అందరి ముందూ సేఫ్టీ కమిషనర్ దర్యాప్తు సంగతి పెడతాను. తర్వాత మొహమాటపడొద్దు.