అంగూఠాకి తాళం



మైపాడులో మా ఖాలా ఇంట్లో ఒక బిస్కెట్ల డబ్బా ఉంది. రేకు డబ్బా. బిస్కెట్లు నా చిన్నప్పుడే అయిపోయాయి. ఇప్పుడు అందులో ఇంటి కాగజాత్ అన్నీ ఉంటాయి. ఆధార్లు, రేషన్ కార్డు, పాస్‌బుక్కులు, కువైట్‌లో ఉన్న కొడుకు పాస్‌పోర్టు నకళ్ళు, అమ్మేసిన రొయ్యల గుంట దస్తావేజు నకలు. ఆ డబ్బాని బీరువాలో పెట్టి, బీరువాకి తాళం వేసి, తాళంచెవి కొంగుకి ముడేసుకుని తిరుగుతుంది ఖాలా. ఏళ్ళ తరబడి ఇదే ఆమె ఆదత్.

అయినా ఆమె ఖాతాలోంచి ముప్పై వేలు పోయాయి. బీరువా తాళం వేసినట్టే ఉంది. డబ్బాలో ఒక్క కాగితం కదల్లేదు. దొంగ చేతికి దొరికింది ఆమె బొటనవేలి ముద్ర.

ఇది రాయడానికి ఖాలా ఇజాజత్ తీసుకున్నాను. "రాయి బేటా, మా ఇంట్లో జరిగినట్టు ఇంకో ఇంట్లో జరక్కూడదు" అంది. ఆమె బాధ ముప్పై వేల గురించి కాదు. ఆ తర్వాత ఇంట్లో జరిగిన దాని గురించి.

ఒకరోజు ఇంటిపైన రేకులు మార్పిద్దామని డబ్బు తీయడానికి బ్యాంకుకెళ్ళింది. పాస్‌బుక్ ప్రింట్ వేయిస్తే మూడు రోజుల్లో మూడుసార్లు, పదేసి వేలు తీసినట్టుంది. "నేను తీయలేదయ్యా" అంటే, "మీ వేలిముద్ర పడిందమ్మా, మీరు కాకపోతే ఎవరు తీస్తారు?" అన్నారు. ఆ మాటకి ఖాలా నోరు పడిపోయింది. నిజమే కదా, తన వేలు తన చేతికే ఉంది. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. కానీ మనసులో ఒక షక్ మొదలైంది. నేను నిద్రపోయేటప్పుడు నా వేలు పట్టుకుని మిషన్ మీద పెట్టగలిగేది ఎవరు? కాగితాలు చూసేది ఎవరు? నాతో బ్యాంకుకి తోడొచ్చేది ఎవరు?

అన్నిటికీ జవాబు ఒక్కరే, కోడలు. మా భాబీ.

పదిహేడు రోజులు ఖాలా ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు. భాబీకి కారణం తెలీదు. కువైట్ నుంచి భాయ్ ఫోన్ చేస్తే ఖాలా ముక్తసరిగా రెండు ముక్కలు చెప్పి పెట్టేసేది. పద్దెనిమిదో రోజు నేను వెళ్ళాను. దస్తర్‌ఖాన్ దగ్గర ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. భాబీ వంటింట్లోకి పోయాక అడిగితే, ఖాలా డబ్బా తీసి పాస్‌బుక్ నా ముందు పెట్టింది. ఆ మూడు పద్దుల పక్కన ఇంగ్లీషులో నాలుగక్షరాలున్నాయి, ఏఈపీఎస్ అని. ఖాలాకి ఇంగ్లీషు రాదు. ఆ నాలుగక్షరాలు చదివి చెప్పేవాళ్ళుంటే భాబీ మీద ఆ ఇల్జామ్ పడేదే కాదు.

ఏఈపీఎస్ అంటే ఆధార్‌తో నడిచే చెల్లింపుల పద్ధతి. ఊళ్ళో బ్యాంకు మిత్ర దగ్గరో, కిరాణా కొట్లో చిన్న మిషన్ పెట్టుకున్న ఏజెంటు దగ్గరో వేలు వేసి డబ్బు తీసుకుంటామే, అదే. మంచి పద్ధతే. బ్యాంకు దూరమైన పల్లెలకి, చదువురాని పెద్దవాళ్ళకి ఎంతో సహూలత్. ఏటీఎం కార్డు అక్కర్లేదు, పిన్ను అక్కర్లేదు, ఓటీపీ కూడా రాదు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు. కానీ ఆ మూడూ ఇంకొకడి చేతిలో పడితే? వాడికీ అంతే సహూలత్.

వేలిముద్ర ఇంకొకడి చేతికి ఎలా పోతుందని ఖాలా అడిగింది. మీరూ అడుగుతారు. మన తెలుగు రాష్ట్రాల్లోనే జరిగింది వినండి.

2018 జూన్‌లో తెలంగాణలో పెద్దపల్లి జిల్లాకి చెందిన ఒక సిమ్ముల వ్యాపారిని పోలీసులు పట్టుకున్నారు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో ఉన్న ఆస్తి దస్తావేజులు దించుకుని, వాటి మీదున్న వేలిముద్రలతో రబ్బరు ముద్రలు చేసి, ఎవరెవరి పేర్లమీదో వేల సిమ్ములు యాక్టివేట్ చేశాడని కేసు. ఎందుకంటే సిమ్ముల అమ్మకం టార్గెట్ కోసమట! 2022లో సైబరాబాద్ పోలీసులు ఇంకో ముఠాని పట్టుకున్నారు. ఈసారి దించుకున్నవి మన ఆంధ్రప్రదేశ్ దస్తావేజులు. వాటినుంచి నకిలీ వేళ్ళు తయారుచేసి ఇదే ఏఈపీఎస్‌తో జనం ఖాతాలు ఖాళీ చేశారు.

ఆలోచించండి. ఇల్లు కొన్నప్పుడు, పొలం అమ్మినప్పుడు, వాటా రాసిచ్చినప్పుడు సబ్ రిజిస్ట్రార్ ముందు అంగూఠా వేస్తాం. హుకూమత్ అడిగితే వేశాం, అది మన తప్పు కాదు. అది అమానత్. అమానత్‌గా తీసుకున్నదాన్ని బజారులో ఆరేసినవాళ్ళదే జిమ్మేదారీ. అందుకే, "మీరు జాగ్రత్తగా లేరు, అందుకే పోయింది" అనే మాట నాకు నచ్చదు. దోపిడీ అయినవాళ్ళనే దోషుల్ని చేసే మాట అది. వాడిన దొంగకి చట్టంలో సజా ఉంది. ఐటీ చట్టం 66సి సెక్షన్ కింద ఇంకొకరి గుర్తింపు వాడుకుంటే మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా.

పెద్దవాళ్ళకే ఈ విషయంలో తికమక ఉన్నప్పుడు మా ఖాలాని ఏమనగలం? 2022 మే 27న ఆధార్ సంస్థ బెంగళూరు ఆఫీసు, ఆధార్ జిరాక్సులు ఎవరికీ ఇవ్వకండి, దుర్వినియోగం అవుతాయని ప్రకటన ఇచ్చింది. రెండు రోజుల్లో కేంద్రం దాన్ని వెనక్కి తీసుకుని, మామూలు జాగ్రత్త పాటిస్తే చాలంది. ఆ మామూలు జాగ్రత్త ఏమిటో మన గలీలకొచ్చి చెప్పినవాళ్ళు లేరు. కాబట్టి మనమే ఒకరికొకరు చెప్పుకోవాలి.

మొదటిది, అంగూఠాకి తాళం. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, ఏటీఎం కార్డు పోతే కొత్తది తెచ్చుకోవచ్చు. వేలు పోతే కొత్త వేలు రాదు. అందుకని తాళమే దారి. ఆధార్ యాప్‌లోగానీ, వెబ్‌సైట్లోగానీ బయోమెట్రిక్ లాక్ అని ఉంటుంది. పైసా ఖర్చు లేదు. ఒకసారి వేస్తే ఆ ముద్ర ఎక్కడా చెల్లదు. మీరేసినా చెల్లదు, నకిలీ వేలు వేసినా చెల్లదు. "మరి రేషన్‌కి, ఒకటో తారీఖు పింఛనుకి వేలు వేయాలి కదరా" అంది ఖాలా. సరైన సవాలే. అవసరమైనప్పుడు అదే యాప్‌లో తాత్కాలికంగా తెరవొచ్చు. పది నిమిషాల్లో మళ్ళీ దానంతట అదే పడిపోతుంది. కానీ దీనికి ఒక షరతు ఉంది. ఆధార్‌కి మీ ఫోన్ నంబరు జోడించి ఉండాలి. మా ఖాలాది భాయ్ ఎప్పుడో కువైట్ పోకముందు వాడిన నంబరుకి జోడించి ఉంది. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ ఆధార్లు చాలావరకు ఇంతే. శౌహర్ నంబరో, కొడుకు నంబరో, ఎప్పుడో ఆగిపోయిన నంబరో ఉంటుంది. ముందు అది సరిచేయాలి. ఆధార్ కేంద్రానికి వెళ్తే అయిపోతుంది.

అదే వెబ్‌సైట్లో మీ ఆధార్ గత ఆరు నెలల్లో ఎప్పుడెప్పుడు వాడారో చూసుకోవచ్చు. మీరు వేలు వేయని రోజున వేసినట్టుంటే ఖబర్దార్.

రెండోది, వేలు ఊరికే వేయకపోవడం. ఖాలా ఏళ్ళ తరబడి రొయ్యల షెడ్డులో పొట్టు ఒలిచింది. ఆ వేళ్ళ మీద గీతలు సగం అరిగిపోయాయి. ఎక్కడ వేలు పెట్టినా ఒకసారికి పడదు. "మళ్ళీ వేయి అవ్వా, ఇంకోసారి వేయి" అంటుంటారు, ఆమె వేస్తూ ఉంటుంది. ఆ మూడుసార్లలో ఏది దేనికి పడిందో ఆమెకేం తెలుసు? వేలు పెట్టేముందు స్క్రీన్ మీద ఎంత మొత్తం ఉందో చదవమనండి. పడలేదంటే, పడలేదని చూపించమనండి. డబ్బు తీస్తే రసీదు అడగండి. అడగడం బద్‌తమీజీ కాదు, మీ హక్కు.

మూడోది, కాగితాలు. చివరి నాలుగంకెలు మాత్రమే కనబడే మాస్క్‌డ్ ఆధార్ ఉంది, లాడ్జికో, అద్దె ఇంటికో అది చాలు. జిరాక్స్ ఇవ్వక తప్పకపోతే దానిమీద అడ్డంగా ఎవరికి, దేనికి, ఏ తారీఖున ఇచ్చామో పెన్నుతో రాయండి. ముఖ్యంగా గల్ఫ్ వీసా కోసం ఏజెంట్లకి పాస్‌పోర్టు, ఆధార్, ఫొటోలు కట్టలు కట్టి ఇచ్చేవాళ్ళు ఇది మర్చిపోకండి. నెల్లూరు, కడప జిల్లాల నుంచి ఎంతమంది మన ఆడబిడ్డలు కువైట్ దారి పట్టారో మీకు తెలుసు. వీసా రాకపోయినా ఆ కాగితాలు ఎవరి సొరుగులో ఉండిపోయాయో తెలీదు.

నాలుగోది, సిమ్ములు. ఒకరి పేరు మీద తొమ్మిది దాకా సిమ్ములు ఉండొచ్చు. మీ పేరు మీద ఎన్నున్నాయో సంచార్ సాథీ వెబ్‌సైట్లో మీ నంబరు కొట్టి చూసుకోండి. ఈ సౌకర్యం 2021లో మొదట మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకే వచ్చింది. అయినా చూసుకున్నవాళ్ళు తక్కువ. మీది కాని నంబరు కనబడితే అక్కడే 'నాది కాదు' అని చెప్పొచ్చు. ఆ సిమ్ముతో ఎవడైనా ఫ్రాడ్ చేస్తే పోలీసులు ముందు వెతుక్కుంటూ వచ్చేది మీ ఇంటికే. మనలాంటి పేరున్నవాళ్ళ ఇంటికి పోలీసు జీపు వస్తే గలీ అంతా ఏమనుకుంటుందో నేను చెప్పక్కర్లేదు.

ఇవన్నీ చేసినా పోవచ్చు. పోతే? ఇక్కడే నా అసలు మాట.

దొంగ వాడుకునేది వేలిముద్రని ఒక్కదాన్నే కాదు, మన ఖామోషీని కూడా. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, తప్పు బ్యాంకుదీ మనదీ కాకుండా మూడోవాడిది అయినప్పుడు, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు చెబితే ఆ నష్టం మన మీద పడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో చెబితే కొంత మనం భరించాలి. ఏడు దాటితే ఆ బ్యాంకు పాలసీ ఏమంటే అది. మా ఖాలా పదిహేడు రోజులు శరమ్‌తో కూర్చుంది. ఇజ్జత్ పోతుందని, కొడుకు దూరదేశంలో పరేషాన్ అవుతాడని, కోడలి మీద షక్ బయటపడితే ఇల్లు విరిగిపోతుందని. ఆ పదిహేడు రోజుల్లో పైసల మీద ఆమె హక్కు నీరుగారిపోయింది, ఇల్లు కూడా సగం విరిగింది.

కాబట్టి పోయిందని తెలిసిన క్షణమే 1930కి ఫోన్ చేయండి. అది సైబర్ నేరాల హెల్ప్‌లైన్. తర్వాత బ్యాంకుకి వెళ్ళి నోటిమాట కాదు, దరఖాస్త్ రాసిచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. "మీ వేలే పడింది" అంటే తల దించుకోకండి. ఏ ఊళ్ళో, ఏ ఏజెంటు మిషన్ మీద పడిందో రాతపూర్వకంగా చెప్పమనండి.

మేమూ అదే అడిగాం. కొన్ని రోజులకి జవాబొచ్చింది. ఆ మూడుసార్లూ వేలు పడింది వేరే రాష్ట్రంలోని ఒక మిషన్ మీద. మైపాడు దాటి నెల్లూరు పోవడానికే బస్సు కోసం ఎదురుచూసే మనిషి ఖాలా. ఆ కాగితం చదివి వినిపించినప్పుడు ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి వంటింట్లోకి వెళ్ళింది. లోపల అత్తాకోడళ్ళు ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు. ఇద్దరూ కళ్ళు తుడుచుకుంటూ వచ్చి చాయ్ ఇచ్చారు.

డబ్బు ఇంకా రాలేదు. అర్జీ నడుస్తోంది. ముద్ర ఎక్కణ్ణుంచి పోయిందో కూడా ఇంతవరకు తేలలేదు. ఉమ్మీద్ మాత్రం వదల్లేదు.

మీకు నా గుజారిష్ ఒక్కటే. వచ్చే జుమ్మా నాడు, భోజనాలయ్యాక, ఇంట్లో ఫోన్ బాగా తెలిసిన పిల్లనో పిల్లవాడినో కూర్చోబెట్టండి. దాదీ, నానీ, ఖాలా, ఫుప్పూ, ఒక్కొక్కరి ఆధార్ తీసి నంబరు సరిగ్గా ఉందో చూడండి, అంగూఠాకి తాళం వేయండి, సిమ్ములు లెక్కపెట్టండి. గంట పని. అంతకంటే ముఖ్యంగా వాళ్ళకి ఒక మాట చెప్పండి: "ఏదైనా పోతే ముందు మాకు చెప్పు, నిన్ను ఎవరూ ఏమీ అనరు." ఆ భరోసా ఇవ్వని ఇంట్లో ఏ తాళమూ పనిచేయదు.

ఖాలా అంగూఠాకి తాళం పడింది. రేషన్ రోజున తెరిచేది భాబీ. ఆ బీరువా తాళంచెవి కూడా ఇప్పుడు భాబీ కొంగుకే ఉంది.

ఖుదా హాఫిజ్.